చెయ్యి సర్దుకుంటే బండి బాగుపడదు

చీమకుర్తి నుంచి సంతనూతలపాడు మీదుగా ఒంగోలుకు కారు నడిపేవారి చేతుల్ని పక్క సీట్లో కూర్చుని ఓ పది నిమిషాలు గమనిస్తే చాలు. ఎదుట రోడ్డు తిన్నగానే ఉంటుంది, స్టీరింగు మాత్రం కొద్దిగా కుడికి తిరిగి ఉంటుంది. అడిగితే, "కొంచెం ఎడమకి లాగుతోందిలే, అలవాటైపోయింది" అంటారు. ఎప్పటి నుంచి అంటే వెంటనే చెప్పలేరు. పోయిన వానాకాలం ఏదో గుంతలో పడ్డప్పటి నుంచి కావచ్చు, టైర్లు మార్పించినప్పటి నుంచి కావచ్చు. ఈలోగా చెయ్యి సర్దుకుంది. భయపడాల్సింది ఆ సర్దుబాటుకే.

లెక్క వేసి చూస్తే సంగతి అర్థమవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. ఫోను మోగిందనో, వెనక సీట్లో పిల్లాడు ఏడ్చాడనో రెండు సెకన్లు చూపు తప్పితే 44 మీటర్లు గడిచిపోతాయి. ఆ రెండు సెకన్లలో చెయ్యి పట్టు వదిలి బండి ఒక్క డిగ్రీ పక్కకు తిరిగిందంటే 77 సెంటీమీటర్లు జరుగుతుంది. రెండు వరసల రోడ్డు మీద ఒక్కో వరస వెడల్పు మూడున్నర మీటర్లు. మామూలు కారు వెడల్పు 1.7 మీటర్ల దాకా ఉంటుంది. సరిగ్గా మధ్యలో వెళ్తున్నా రెండు పక్కలా మిగిలేది 90 సెంటీమీటర్లే. బండి ఎడమకు లాగితే మట్టి మార్జిను, దాని మీద నడిచిపోయే మనుషులు. కుడికి లాగితే ఎదురుగా గ్రానైటు బ్లాకు ఎత్తుకుని వస్తున్న ట్రాలీ.

ఆ ట్రాలీ గురించి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథ సగం అక్కడే మొదలవుతుంది. చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కల క్వారీల్లో దొరికే నల్లరాయిని ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ పేరుతో కొంటోంది. నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. రాత్రి ఆకాశంలా కనిపిస్తుంది కాబట్టే ఆ పేరు. చాలా బరువైన రాయి. ఒక ఘనపు మీటరు దాదాపు మూడు టన్నులు తూగుతుంది. అంటే పది ఘనపు మీటర్ల బ్లాకు ఒక్కటే 30 టన్నులు. లారీ సొంత బరువు దానికి అదనం. ఇలాంటి బ్లాకులు ఒంగోలు చేరి, జాతీయ రహదారి ఎక్కి కృష్ణపట్నం, చెన్నై రేవులకు వెళ్తాయి. అవి వెళ్లే రోడ్డు మీదే పొదిలి వైపు బస్సులు, బడి పిల్లల ఆటోలు, పొగాకు బేళ్ల ట్రాక్టర్లు, మిరప బస్తాల లోడ్లు, వీటి మధ్య ఇంటి కార్లు.

బరువు పెరిగితే రోడ్డు ఎంత చెడుతుందో 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర కొలిచి చూశారు. పరీక్ష కోసమే వేసిన రోడ్ల మీద సైనిక డ్రైవర్లు రాత్రింబగళ్లు లారీలు తిప్పారు. అప్పుడు తేలింది ఇదీ: ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు పదహారు రెట్లు. ఇంజనీర్లు దీన్ని నాలుగో ఘాతం సూత్రం అంటారు. మన దేశంలో 2018లో కేంద్రం లారీల బరువు పరిమితులు పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుకు అంతకుముందు 10.2 టన్నులుండగా 11.5 టన్నులు చేసింది. ఆ ఇరుసు మీద 15 టన్నులు మోపితే, అదే సూత్రం ప్రకారం, రోడ్డు పరిమితిలో ఉన్నప్పటికంటే దాదాపు మూడు రెట్లు వేగంగా చెడుతుంది. దీనికి తోడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చాలాచోట్ల కింద ఉన్నది నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైన లారీ నొక్కుతుంది, కింద నేల కదులుతుంది. మధ్యలో ఉన్న తారు పొర ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

ముందు చక్రాల బాటలు కుంగి గాళ్లు పడతాయి, తర్వాత అంచులు విరుగుతాయి, ఆ తర్వాత గుంతలు. పద్నాలుగు టైర్ల లారీ చేసిన గుంతలో ఓ టన్ను బరువైన చిన్న కారు పడుతుంది. బండి పక్కకి లాగడం అక్కడ మొదలవుతుంది.

కారు యజమాని ఏం చేస్తాడు? నేరుగా అలైన్‌మెంట్ షాపుకి వెళ్తాడు. బండి లాగుతోందంటే అలైన్‌మెంట్ పోయిందనేదే ఊరందరి నమ్మకం. మిషన్ మీదికి ఎక్కిస్తారు, తెర మీద ఎర్ర అంకెలు పచ్చగా మారతాయి, కొన్ని వందల రూపాయలు కడతాడు. వారం తిరక్కుండా బండి మళ్లీ లాగుతుంది. ఈసారి బ్యాలెన్సింగు చేయిస్తాడు. బ్యాలెన్సింగు స్టీరింగు వణుకును పోగొడుతుంది గానీ లాగుడును కాదు. డబ్బు పోయింది, బండి మారలేదు. ఇక సర్దుకుపోవడమే మిగిలిందనుకుంటాడు.

లోపం వెతకాల్సిన వరస తప్పడం వల్ల వచ్చిన నష్టం ఇది. పక్కకి లాగడమనేది జ్వరం లాంటిది. జ్వరమని చెప్పగానే ఏ వైద్యుడూ మందు రాయడు, ఎప్పుడు వస్తోంది, ఎంతసేపుంటోంది అని అడుగుతాడు. ఇక్కడా మెకానిక్కు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఎప్పుడూ లాగుతోందా, బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే లాగుతోందా, యాక్సిలరేటరు తొక్కినప్పుడా? ఈ మూడింటి జవాబులు మూడు వేర్వేరు చోట్లకు తీసుకెళ్తాయి.

అసలు బండిని అనుమానించే ముందు రోడ్డును చూడాలి. వాన నీళ్లు నిలవకుండా తారు రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. ఆ వాలు సాధారణంగా రెండు నుంచి రెండున్నర శాతం. అంటే మూడున్నర మీటర్ల వరసలో ఏడెనిమిది సెంటీమీటర్ల పల్లం. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఏ దోషమూ లేని కారైనా చెయ్యి వదిలితే మెల్లగా ఎడమకే జారుతుంది. చక్రాల గాళ్లు పడిన రోడ్డయితే మరీ. కాబట్టి పరీక్ష చేసేది సమంగా ఉన్న చోట, ఖాళీగా ఉన్నప్పుడు, తక్కువ వేగంతో. అక్కడా లాగితేనే రోగం బండిది.

అప్పుడు మొదట చూడాల్సింది గాలి. ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది గానీ, ముందు చక్రాల్లో ఒకదానిలో గాలి తగ్గితే బండి ఆ పక్కకే ఒరుగుతుంది, అటే లాగుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద కంపెనీయే రాసి ఉంచుతుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే బండి తీయగానే కొలిచిన అంకే నమ్మదగినది. పంక్చరు షాపులో "ముప్పై ఐదు కొట్టెయ్" అని అందాజుగా చెప్పడం మానాలి. చాలా బండ్ల లాగుడు ఇక్కడే తీరిపోతుంది, దానికయ్యే ఖర్చు చాయ్ డబ్బులంత.

గాలి సరిగ్గా ఉన్నా లాగితే అనుమానం టైరు మీదికి మళ్లాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఇప్పటి రేడియల్ టైర్ల లోపల ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. తయారీలో అవి కాస్త పక్కకు జరిగినా, గుంత దెబ్బకు లోపల వదులైనా, టైరు పైకి గుండ్రంగానే కనిపిస్తూ ఒక అంచున కొంచెం లావు, ఇంకో అంచున కొంచెం సన్నం అవుతుంది. పైన వెడల్పు, అడుగున సన్నగా ఉండే స్టీలు గ్లాసును గచ్చు మీద దొర్లిస్తే తిన్నగా పోదు, వంపు తిరుగుతుంది. ఆ టైరూ అంతే. దీన్ని పట్టుకోవడానికి మిషన్ అక్కర్లేదు. ముందున్న రెండు టైర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి బిగించి నడిపితే తేలిపోతుంది. ఇంతకుముందు ఎడమకు లాగిన బండి ఇప్పుడు కుడికి లాగితే దొంగ దొరికినట్టే. పక్క గోడ మీద తిరిగే దిశకు బాణం గుర్తు ఉన్న టైర్లను మాత్రం ఇలా అడ్డంగా మార్చకూడదు, వెనకవాటితో మార్చి చూడాలి. పక్క గోడ మీద బుగ్గలా ఉబ్బిన టైరుతో ఇంకే పరీక్షా చేయొద్దు, ఆ రోజే తీసేయాలి.

బ్రేకుల మాటకొస్తే, చీమకుర్తి లాంటి ఊళ్లో అవి చెడటానికి ప్రత్యేక కారణం ఉంది. రాయి కోసేచోట, పాలిష్ పట్టేచోట దుమ్ము ఉంటుంది. తడిసిన రాతిపిండి ఎండితే గచ్చులా గట్టిపడుతుంది. కారు ముందు చక్రాల దగ్గర బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ సన్నటి పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి. ఆ పిన్నుల మీద ఉండే చిన్న రబ్బరు తొడుగు చిరిగితే దుమ్ము, నీరు లోపలికి చేరి పిన్ను పట్టేస్తుంది. పట్టేసిన పక్క రెండు రకాలుగా బాధపెడుతుంది. ప్యాడు వెనక్కి రాకుండా డిస్కును రాసుకుంటూ ఉంటే బండి ఎప్పుడూ ఆ పక్కకే లాగుతుంది, మైలేజి పడిపోతుంది, చక్రం దగ్గర కాలిన వాసన వస్తుంది. అసలు ప్యాడు కదలకుండా బిగుసుకుంటే, బ్రేకు నొక్కినప్పుడు బండి అవతలి పక్కకు, అంటే బాగా పనిచేస్తున్న చక్రం వైపు లాగుతుంది. మెకానిక్కు పొరపాటున బాగున్న చక్రాన్ని విప్పేది ఈ రెండో సందర్భంలోనే. ఓ ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపాక రిమ్ముల మీద నాలుగు నీటి చుక్కలు చల్లితే ఏది ఎక్కువ వేడెక్కిందో తెలిసిపోతుంది. వేలితో డిస్కును ముట్టుకుని చూడటం మాత్రం కూడదు, చర్మం ఊడిపోతుంది. బ్రేకు లోపంతో లాగే బండిని అలైన్‌మెంట్‌కు పంపడం ఘోరమైన పొరపాటు. అది మరమ్మతు అయ్యేదాకా ఆ బండి రోడ్డెక్కకూడదు.

ఇవన్నీ దాటాకే అలైన్‌మెంట్. అక్కడ కూడా యజమానికి తెలియాల్సిన సంగతి ఒకటుంది. మిషన్ ముఖ్యంగా మూడు కోణాలు కొలుస్తుంది. టో అంటే కాలి బొటనవేళ్లు లోపలికో బయటికో తిప్పి నడిచినట్టు చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరగడం. క్యాంబర్ అంటే చక్రం నిలువుగా నిలబడకుండా పక్కకు వాలడం. క్యాస్టర్ అంటే చక్రం ఏ ఇరుసు మీద మలుపు తిరుగుతుందో ఆ ఇరుసు వెనక్కి వాలి ఉండటం. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడానికి ఇలాంటి వాలూ సాయపడుతుంది. టో తప్పితే టైరు తినేస్తుంది, స్టీరింగు వంకరగా నిలుస్తుంది. బండి లాగడానికి ఎక్కువగా కారణమయ్యేది మాత్రం రెండు పక్కల క్యాంబర్, క్యాస్టర్ మధ్య తేడా. ఎలపటెద్దు ఒక తీరున, దాపటెద్దు ఇంకో తీరున నడిచినట్టు. ఎద్దు ఎండకి, దున్న నీడకి లాగినట్టు.

మన రోడ్ల మీద తిరిగే చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకు సర్దడానికి వీలున్నది టో ఒక్కటే. క్యాంబర్, క్యాస్టర్లకు సర్దే నట్టు కంపెనీ పెట్టలేదు. ఆ అంకెలు తప్పాయంటే ఏదో ఒక సామాను వంగిందనో, అరిగిందనో అర్థం. గుంత దెబ్బకు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ వంగి ఉండవచ్చు, దాని రబ్బరు బుష్ చిరిగి ఉండవచ్చు, స్ట్రట్ వాలి ఉండవచ్చు, బాల్ జాయింట్ వదులై ఉండవచ్చు. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక పక్కకు, వదిలినప్పుడు ఇంకో పక్కకు బండి ఊగిందంటే బుష్‌నే ముందు అనుమానించాలి. జాకీ ఎక్కించి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపితే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ వదులు తెలుస్తుంది. పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, బేరింగు సంగతి తెలుస్తుంది. ఈ ఊపి చూసే పనికి రెండు నిమిషాలు పడుతుంది. అది చేయకుండా వంగిన ఆర్మ్ మీద టో సర్దడమంటే పగిలిన గోడకు సున్నం కొట్టడమే.

తప్పంతా మెకానిక్కుదే అనడం అన్యాయం. "అలైన్‌మెంట్ చెయ్యి చాలు, మిగతావి తర్వాత చూద్దాం" అని తొందరపెట్టేది బండివాళ్లే. వంగిన సామాను చూపించి మార్చాలంటే, అనవసరంగా డబ్బు గుంజుతున్నాడని అనుమానించేదీ వాళ్లే. ఈ అపనమ్మకం పోవడానికి ఒక తేలికైన దారి ఉంది. ఇప్పటి మిషన్లు చాలావరకు సర్దకముందు అంకెలు, సర్దిన తర్వాత అంకెలు ఒకే కాగితం మీద అచ్చు వేయగలవు. ఆ కాగితం అడగకుండానే ఇచ్చే షాపు నమ్మదగిన షాపు. ఇవ్వని చోట అడిగి తీసుకోవాలి, దాచుకోవాలి. ఆర్నెల్ల తర్వాత ఇంకో కాగితంతో పక్కపక్కన పెట్టి చూస్తే ఏ పక్క మారుతోందో చదువుకున్నవాళ్లందరికీ కనిపిస్తుంది. "టో మాత్రమే సర్దాను, క్యాంబర్ తేడా ఉంది, సామాను చూడాలి" అని కాగితం మీద ఒక్క వాక్యం రాసిచ్చే అలవాటు మన షాపుల్లో రావాలి.

ప్రభుత్వం వైపు ఉన్న ఖాళీ ఇంకా పెద్దది. లారీ, ఆటో, టాక్సీ మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాలి. సొంత కారుకు మాత్రం రిజిస్ట్రేషను పదిహేనేళ్లు చెల్లుతుంది, అప్పటిదాకా దాని స్టీరింగును, బ్రేకును ఏ అధికారీ చూడడు. కాలుష్య పరీక్షలో చూసేది పొగనే. జపాన్‌లో కొత్త కారు మూడేళ్లకే పరీక్షకు రావాలి, తర్వాత రెండేళ్లకోసారి. అక్కడ కారును ఒక పలక మీదుగా నడిపిస్తారు. మీటరు దూరంలో ముందు చక్రాలు ఐదు మిల్లీమీటర్లకు మించి పక్కకు జారితే ఫెయిల్. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకు ఏటా పరీక్ష, అందులో రెండు పక్కల బ్రేకు బలం సమంగా ఉందో లేదో కొలుస్తారు. పదిహేనేళ్లలో మన రోడ్ల మీద కారు ఎన్ని గుంతల్లో పడుతుందో తెలిసినవాళ్లెవరూ ఈ వెసులుబాటును సమర్థించలేరు. కనీసం ఐదేళ్లకొకసారి స్టీరింగు, సస్పెన్షన్, బ్రేకులు చూసే పరీక్ష సొంత కార్లకూ పెట్టాలి.

దానితో పాటే రోడ్డు. గ్రానైటు ఈ ప్రాంతానికి అన్నం పెడుతోంది, డ్రిల్లరు నుంచి క్రేను ఆపరేటరు దాకా వేల ఇళ్లు దాని మీద నడుస్తున్నాయి. లారీలు తిరగొద్దని ఎవరూ అనరు. పరిమితికి మించి మోయొద్దని మాత్రం చట్టమే అంటోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకు ఇంకో 2,000. ఈ నిబంధన అమలు కావాల్సిన చోటు క్వారీ గేటు. రాయి రోడ్డెక్కాక, గుంత పడ్డాక ఒంగోలు దగ్గర ఆపి రాసే చలానాతో ఆ గుంత పూడదు. ప్రతి గేటు దగ్గరా తూకం వేసి, చీటీ ఇచ్చి పంపితే ఆ చీటీ రాయి మీద ప్రభుత్వానికి కట్టే సీనరేజి లెక్కకూ పనికొస్తుంది, రోడ్డు ఆయుష్షుకూ పనికొస్తుంది.

డబ్బు లేదన్న మాట ఇక్కడ చెల్లదు. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టింది గనుల వల్ల నష్టపోయే ప్రాంతాల కోసమే. ఆ నిధులతో చేయదగిన పనుల్లో రోడ్లు, వంతెనలు ఉన్నాయి. రాయి నుంచి వచ్చిన డబ్బు రాయి చెడగొట్టిన రోడ్డుకు ముందుగా రావడం న్యాయం. అదే 2019 సవరణలో, ప్రమాణాల ప్రకారం రోడ్డు వేయక, నిర్వహించక ప్రాణం పోయినా అంగవైకల్యం కలిగినా, బాధ్యులైన గుత్తేదారుకు, అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా వేసే సెక్షన్ కూడా ఉంది. అలాంటి సెక్షన్ ఉందన్న సంగతి ప్రమాదాల్లో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలకు ఎవరూ చెప్పడం లేదు. చెప్పాలి.

నైరుతి వానలు జూన్‌లో మొదలవుతాయి, ప్రకాశం జిల్లాలో గట్టి వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో పడతాయి. గుంతలు పూడ్చి, విరిగిన అంచులు కట్టాల్సింది ఆ వానలకు ముందే. అధికారులు ఆ పని ఆగస్టులో మొదలుపెట్టి సెప్టెంబరుకు ముగించాలి. ఇక కారున్నవారు చేయాల్సిన పనికి అంత వ్యవధి కూడా అక్కర్లేదు. రేపు పొద్దున బండి తీసేటప్పుడు నాలుగు టైర్లలో గాలి చూపించండి. ఊరి బయట సమంగా ఉన్న చోట స్టీరింగు మీద చేతులు తేలిక చేసి చూడండి. అప్పటికీ ఒక పక్కకు పోతుంటే, అలైన్‌మెంట్ కంటే ముందు జాకీ ఎక్కించి చూడమని అడగండి.